గోడను అడిగాకే డ్రిల్ కొనండి

ఫోన్‌లో ఒక్కసారి ‘డ్రిల్’ అని వెతికితే చాలు, వారం రోజులు అదే గోల. రీల్స్ చూస్తుంటే డ్రిల్, క్రికెట్ స్కోరు చూస్తుంటే డ్రిల్. ఎక్కువసార్లు కనబడే బొమ్మ మాత్రం ఒకటే. నల్ల బ్యాగులో పక్కపక్కనే రెండు కార్డ్‌లెస్ మిషన్లు, రెండు బ్యాటరీలు, ఒక చార్జర్. పైన పెద్ద అక్షరాల్లో ‘డ్రిల్ ప్లస్ ఇంపాక్ట్ డ్రైవర్ కాంబో’. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు, కొత్తగా పెళ్లయినవాళ్లకు ఆ బ్యాగు చూడగానే ఒక ధైర్యం వస్తుంది. ఇక కార్పెంటర్‌కి పది ఫోన్లు చేయక్కర్లేదు, మన ఇంటి పని మనమే చేసుకోవచ్చు అనిపిస్తుంది.

ఆ ధైర్యం మంచిదే. దానికి ఆ సెట్టే కావాలా అన్నది వేరే ప్రశ్న.

నేనుండేది తార్నాకలో. ఒక పక్క ఉస్మానియా క్యాంపస్, ఇంకోపక్క ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు. అందుకే మా వీధుల్లో సగం ఇళ్లు అద్దె పోర్షన్లే. ఒకరు థీసిస్ పూర్తిచేసి ఖాళీ చేస్తే, ఇంకొకరు ట్రంకు పెట్టెతో, బీన్ బ్యాగుతో దిగుతారు. పనిముట్లంటే నాకు ఇష్టమని వీధిలో పేరు పడింది కాబట్టి, దిగిన నెలలోపే నా వాట్సాప్‌కి స్క్రీన్‌షాట్ వస్తుంది: “అన్నా, ఈ సెట్ తీసుకోవచ్చా?” నేను తిరిగి అడిగేది ఒకటే: “మీది ఏ గోడ?”

చాలామంది నవ్వుతారు. గోడంటే గోడే కదా అంటారు. అసలు కథంతా అక్కడే ఉంది.

పేరు ఒకటే, పని వేరు

ముందు పేర్ల తికమక తీర్చుకుందాం. మన మార్కెట్లో ‘ఇంపాక్ట్ డ్రిల్’ అంటే గోడకు రంధ్రం పెట్టేది. ‘ఇంపాక్ట్ డ్రైవర్’ అంటే స్క్రూలు బిగించేది. రెండింట్లోనూ ‘ఇంపాక్ట్’ ఉంది, రెండూ దెబ్బలు కొడతాయి. కానీ ఆ దెబ్బ ఎటు పడుతుందన్నదే తేడా.

మామూలు కార్డ్‌లెస్ డ్రిల్ తిరుగుతుంది, అంతే. చెక్కకూ, ఇనుప రేకుకూ రంధ్రం పెడుతుంది, స్క్రూలు బిగిస్తుంది. మూతి దగ్గర అంకెలున్న రింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని క్లచ్ అంటారు. స్క్రూ చాలినంత బిగిశాక ‘టక్’మని వదిలేస్తుంది.

రెండోది ఇంపాక్ట్ డ్రిల్. కొందరు హామర్ డ్రిల్ అంటారు. ఇది తిరుగుతూనే బిట్‌ను ముందుకు, అంటే గోడలోకి, కొడుతుంది. నిమిషానికి పదుల వేల చిన్న దెబ్బలు. రింగ్ మీద సుత్తి బొమ్మ ఉంటే అది ఈ జాతిదని అర్థం.

మూడోది ఇంపాక్ట్ డ్రైవర్. పొట్టిగా, ముద్దుగా ఉంటుంది. ఇది గోడలోకి కొట్టదు, తిరిగే దిక్కులో కొడుతుంది. తుప్పుపట్టిన నట్టు కదలకపోతే స్పానర్ పట్టుకుని, దాని కాడ మీద సుత్తితో కొడతాం చూడండి, లోపల జరిగేది అదే. అందుకే పొడుగు స్క్రూ కూడా గట్టి చెక్కలోకి సర్రున దిగిపోతుంది, చెయ్యి మెలితిరగదు. కానీ దీంతో కాంక్రీట్‌కి రంధ్రం పెట్టబోతే చప్పుడు మాత్రం ఘనంగా వస్తుంది. పైగా దీని మూతి పావు అంగుళం ఆరుపలకల బిట్లకే సరిపోతుంది, మామూలు గుండ్రటి బిట్ అందులో నిలవదు.

ఇప్పుడు ఆ నల్ల బ్యాగు మళ్లీ చూడండి. అందులో ఉన్న డ్రిల్ మీద సుత్తి బొమ్మ ఉందా? చాలా కాంబోల్లో ఉండదు. అంటే చేతిలో రెండు మిషన్లున్నా, గోడ పని కోసం చేసిన మిషన్ ఒక్కటీ లేనట్టే. మామూలు డ్రిల్‌తో ఎర్ర ఇటుకలో ఓపిగ్గా రంధ్రం పెట్టొచ్చేమో గానీ, కాంక్రీట్ తగిలిందంటే అక్కడే ఆగిపోతుంది.

ఈ ‘కొట్టు, తిప్పు’ విద్య కొత్తదేం కాదు. ఓయూ ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని చూడండి. 1939లో ప్రారంభమైంది, గులాబీ రంగు గ్రానైట్. రాతిపని చేసేవాళ్లు రాయిలో రంధ్రం వేసే పద్ధతి తరతరాలుగా ఒకటే. ఉలి పెట్టి సుత్తితో ఒక దెబ్బ, ఉలిని కొంచెం తిప్పి ఇంకో దెబ్బ. దెబ్బ రాయిని పొడి చేస్తుంది, తిప్పడం ఆ పొడిని పక్కకు నెడుతుంది. ఇంపాక్ట్ డ్రిల్ చేసేదీ ఇదే, కాకపోతే కరెంటు వేగంతో.

చంద్రుడి మీద కూడా ఇదే ప్రశ్న

కార్డ్‌లెస్ డ్రిల్‌ను నాసా కనిపెట్టిందని ఒక కథ తిరుగుతుంటుంది. నిజానికి పిస్టల్ పిడి, ట్రిగ్గర్ ఉన్న కరెంటు డ్రిల్‌కి బ్లాక్ అండ్ డెక్కర్ 1917లోనే పేటెంట్ తెచ్చుకుంది. 1961లో అదే కంపెనీ బ్యాటరీ డ్రిల్‌ను తెచ్చింది. అంతరిక్ష పనులు ఆ తర్వాత దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి.

ఆ పనుల్లో ఒకటి మనకు పనికొచ్చే ముచ్చట. 1971లో అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్‌తో చంద్రుడి నేలలో రంధ్రాలు వేశారు. అది తిరుగుతూ కొట్టే రకమే. దాదాపు 3 మీటర్ల లోతు అనుకున్నారు, మొదటి రంధ్రం 1.6 మీటర్ల దగ్గరే మొరాయించింది. పైకి పొడి మట్టిలా కనిపించిన నేల లోపల గట్టిగా బిగుసుకుపోయి ఉంది. అంత ఖర్చు పెట్టి తయారుచేసిన డ్రిల్‌కే నేల తీరు తెలియక కష్టమైతే, మన కాంబో సంగతి చెప్పాలా?

కర్టెన్ రాడ్ పరీక్ష

డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్ జంట అమెరికా లాంటి చోట్ల ఎందుకంత ఫేమస్ అంటే, అక్కడ ఎక్కువ ఇళ్లకు చెక్క ఫ్రేమే అస్థిపంజరం. దాని మీద జిప్సం బోర్డు. షెల్ఫ్ పెట్టాలన్నా, టీవీ తగిలించాలన్నా చెక్కలోకి స్క్రూ దించడమే పని. ఆ ఇంటికి ఇంపాక్ట్ డ్రైవర్ బంగారం. వాళ్ల వీడియోలు చూసి మనం వాళ్ల ఇంటికి సరిపోయే సెట్ కొంటున్నాం.

మన ఇళ్లు వేరు. తార్నాకలో పాత ఇండిపెండెంట్ ఇళ్లలో ఎక్కువగా ఎర్ర ఇటుక గోడలు. కొత్త అపార్టుమెంట్లలో సిమెంటు బ్లాకులో, తేలికపాటి ఏఏసీ బ్లాకులో కనిపిస్తాయి. అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన పెద్ద టవర్లలో అయితే గోడ మొత్తం కాంక్రీటే. పైన అందరికీ ఒకటే రంగు పూత కాబట్టి బయటికి తేడా తెలియదు.

గోడలకు చెవులుంటాయంటారు. నా లెక్కన నోరు కూడా ఉంది. వేలితో తట్టండి. డొల్లగా ‘డబడబ’మంటే అది బోర్డు పార్టిషన్. గట్టిగా మూగగా ఉంటే ఇటుకో కాంక్రీటో. ఇంకా తెలియాలంటే, కనబడని మూల ఒక చిన్న రంధ్రం పెట్టి పొడి చూడండి. మొదటి అర అంగుళం బూడిదరంగే వస్తుంది, అది ప్లాస్టరింగ్. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే ఇటుక. తెల్లగా, మెత్తగా, సులువుగా రాలితే ఏఏసీ. బూడిదరంగు పొడే కొనసాగుతూ, బిట్ దిగడానికి మొండికేస్తే కాంక్రీట్.

ఇక్కడో తమాషా ఉంది. కొత్తింట్లో అందరూ మొదట చేసే పని కర్టెన్ రాడ్ బిగించడం. రాడ్ ఎక్కడుంటుంది? కిటికీకి సరిగ్గా పైన. కిటికీ పైన గోడ బరువు మోయడానికి మేస్త్రి ఏం పోస్తాడు? లింటెల్. అంటే ఇనుప చువ్వలు వేసిన కాంక్రీట్ దూలం. గోడంతా మెత్తటి ఇటుకే అయినా, మనం మొదటి రంధ్రం పెట్టేది ఇంట్లోకెల్లా మొండి చోట! సామాన్య కార్డ్‌లెస్ డ్రిల్‌తో జనం ఓడిపోయేది ఇక్కడే. పెళ్లాం నిచ్చెన పట్టుకుని కింద నిలబడి ఉంటుంది, పైన మొగుడు చెమటలు కక్కుతుంటాడు, రంధ్రం మాత్రం అర సెంటీమీటరు దాటదు.

అందుకే సెట్ కొనే ముందు నేను చెప్పే పరీక్ష ఇదే. ఈ మిషన్ మా కిటికీ పైన రంధ్రం పెట్టగలదా? పెట్టగలిగితే ఇంట్లో మిగతా పని దానికి లెక్కే కాదు.

అమ్మ చేతికి ఒక ఆసరా

మొన్నీమధ్య స్క్రీన్‌షాట్ పంపినవాడు మా వెనక వీధిలో పైపోర్షన్‌లో ఉండే పీహెచ్‌డీ స్కాలర్. నల్గొండ వైపు నుంచి వచ్చాడు. “అన్నా, పన్నెండు వేలల్ల వస్తోంది, ఆఫరు రేపటిదాకనే ఉంది. ఎట్లుందో చూడవా?” అన్నాడు. ఫెలోషిప్ డబ్బు మీద బతికేవాడికి పన్నెండు వేలంటే చిన్న మాట కాదు.

“ఏం పనులున్నయో రాసి పంపు తమ్ముడూ” అన్నాను. రాశాడు. వాళ్లమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీ కోసం రెండు నెలలు ఇతని దగ్గర ఉండబోతోంది. బాత్రూమ్‌లో పట్టుకుని లేవడానికి రెండు స్టీల్ పిడికడ్డీలు, రెండు కిటికీలకు కర్టెన్ రాడ్లు, ఒక అద్దం. పిడికడ్డీకి ఒక్కో చివర మూడు స్క్రూల చొప్పున రెండింటికీ 12. రాడ్లకు 8. అద్దానికి 2. మొత్తం 22 రంధ్రాలు. అన్నీ గోడకే. చెక్కలోకి దించే స్క్రూ ఒక్కటీ లేదు. పన్నెండు వేల సెట్‌లో ఇంపాక్ట్ డ్రైవర్‌కి ఆ ఇంట్లో పనే లేదు. సెట్‌లోని డ్రిల్ మీద సుత్తి బొమ్మా లేదు.

చివరికి అతను కొన్నది వైరున్న ఇంపాక్ట్ డ్రిల్. 13 మి.మీ. చక్, సుత్తి మోడ్, బిట్ల పెట్టెతో కలిపి మూడు వేలు దాటింది. మిగిలిన డబ్బులో కొంత మంచి స్టెయిన్‌లెస్ స్క్రూలకూ, నాణ్యమైన గిట్టీలకూ పెట్టించాను. ఎందుకంటే ఈ పనిలో నిజంగా బరువు మోసేది మిషన్ కాదు, గోడలో మిగిలిపోయే ఆ గిట్టీ, స్క్రూ. ఆపరేషన్ అయిన మనిషి తడి నేల మీద కాలుజారినప్పుడు ఒళ్లంతా దాని మీదే పడుతుంది. టైల్‌కి అతుక్కునే సక్షన్ కప్ పిడులు దొరుకుతాయి గానీ, ఈ పనికి వాటిని నమ్మొద్దు.

అద్దె ఇల్లు కాబట్టి ముందు ఓనర్ ఆంటీని అడిగాం. “టైల్స్ పగలకుండా పెట్టుకో బాబూ, రేపు మాకూ అవసరమే కదా” అంది.

టైల్స్ పగలకుండా ఎలా అంటే ఇలా. మొదట టైల్ మీద మాస్కింగ్ టేప్ అంటించి గుర్తు పెట్టాలి. సుత్తి మోడ్ ఆపేసి, బల్లెం మొనలా ఉండే టైల్ బిట్‌తో మెల్లగా టైల్ దాటాలి. దాటాక బిట్ మార్చి, సుత్తి మోడ్ పెట్టి ఇటుకలోకి వెళ్లాలి. టైల్, దాని కింద సిమెంటు కలిపితే దాదాపు అంగుళం. అది బరువు మోయదు. గిట్టీ దాన్ని దాటి ఇటుకలో కూర్చోవాలి, కాబట్టి స్క్రూ పొడుగ్గా, రెండున్నర అంగుళాల దాకా ఉండాలి. 8 మి.మీ. గిట్టీకి 8 మి.మీ. బిట్టే వాడాలి. ‘కొంచెం పెద్దదైతే సులువుగా దిగుతుంది’ అనుకుంటే అంతే సులువుగా ఊడి కూడా వస్తుంది. బిగించాక నీళ్లు లోపలికి పోకుండా చుట్టూ సిలికాన్ పూయాలి.

కిటికీల దగ్గర లింటెల్ తన పని తాను చేసింది. ఎనిమిదింటిలో ఆరు రంధ్రాలు ఓపిగ్గా పడ్డాయి, రెండు ససేమిరా అన్నాయి. ఒకదానికి చువ్వ తగిలింది, అంగుళం పక్కకు జరిపాం. ఇంకోదానికి వీధి చివర ఎలక్ట్రీషియన్ దగ్గర హామర్ మిషన్ తెచ్చి అరనిమిషంలో పెట్టాం.

పిడికడ్డీలు బిగించాక “అన్నా, నువ్వు వేలాడి చూడు” అన్నాడు. నా బరువు ఎనభై కిలోలు. రెండు చేతులతో పట్టుకుని ఒళ్లంతా వేశాను. కదల్లేదు. వాళ్లమ్మ వచ్చిన రోజు పట్టుకుని లేచి, “గట్టిగనే ఉంది బిడ్డా” అందట. పన్నెండు వేల బ్యాగు ఆ మాట అనిపించలేకపోయేది.

పెట్టె మీద అంకెల సంగతి

సరే, మీకు కార్డ్‌లెసే కావాలి. తప్పేం లేదు, వైరు గొడవ లేకపోవడం నిజంగా సుఖమే. అప్పుడు ఈ అంకెలు తెలిసి ఉండాలి.

వోల్టులు: లిథియం సెల్ ఒకటి సుమారు 3.6 వోల్టులు, ఫుల్ చార్జింగ్‌లో 4 దాకా. అయిదు సెల్‌లు వరసగా కలిపితే 18. అదే ప్యాక్‌ను ఫుల్ చార్జింగ్ లెక్కన ‘20 వోల్ట్ మ్యాక్స్’ అని రాస్తారు. రెండూ ఒకటే. ‘12 వోల్ట్’ అంటే మూడు సెల్‌లు. ఇక ఊరూపేరూ లేని పెట్టెల మీద ‘48’, ‘88’ అని కనిపిస్తే సెల్‌లు లెక్కేయండి. 48 వోల్టులు నిజంగా రావాలంటే పదమూడు సెల్‌లు వరసగా కావాలి. అరచేతిలో పట్టే ప్యాక్‌లో అన్ని ఎక్కడుంటాయి?

ఏహెచ్: ఇది ట్యాంకు సైజు. వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే అసలు నిల్వ తెలుస్తుంది. 18 వోల్టులు, 2 ఏహెచ్ అంటే 36 వాట్ అవర్లు. రెండు ప్యాక్‌లను పోల్చేటప్పుడు ఈ గుణకారం చేయండి.

న్యూటన్ మీటర్లు: ఇది మెలిపెట్టే బలం. ఇంటి డ్రిల్‌కి 30 నుంచి 60 ఉంటే, ఇంపాక్ట్ డ్రైవర్‌కి 100 దాటుతుంది. ఆ పెద్ద అంకె చూసి ‘ఇదే బలమైంది, గోడకు ఇదే కొందాం’ అనుకోవద్దు. అది స్క్రూ తిప్పే బలం. గోడకు దానితో పనిలేదు.

‘బేర్ టూల్’, ‘సోలో’: ధర ఆశ్చర్యంగా తక్కువగా కనిపిస్తే ఈ మాట ఉందేమో చూడండి. బ్యాటరీ, చార్జర్ లేకుండా ఉత్త మిషన్ అని అర్థం. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి సరిపోదు. కాబట్టి మొదటి మిషన్ కొన్నప్పుడే మీరు ఒక బ్యాటరీ కుటుంబంలోకి పిల్లనిచ్చినట్టు. తర్వాత కొనేవన్నీ ఆ ఇంటివే. మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి.

మోడల్ పేర్లలో కూడా గుట్టు ఉంది. బాష్‌లో జీఎస్ఆర్ అంటే మామూలు డ్రిల్, జీఎస్‌బీ అంటే సుత్తి ఉన్న డ్రిల్, జీడీఆర్ అంటే ఇంపాక్ట్ డ్రైవర్, జీబీహెచ్ అంటే కాంక్రీట్ కోసం చేసిన హామర్ మిషన్. మకీటా 18 వోల్టుల వరసలో డీడీఎఫ్ మామూలు డ్రిల్, డీహెచ్‌పీ సుత్తి ఉన్న డ్రిల్, డీటీడీ ఇంపాక్ట్ డ్రైవర్, డీహెచ్ఆర్ హామర్ మిషన్. బొమ్మ చూసి మోసపోవచ్చు గానీ, ఈ అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది.

హామర్ మిషన్ గురించి ఒక్క మాట. ఇందులో పిస్టన్ ఉంటుంది, గాలి ఒత్తిడితో కొడుతుంది. దెబ్బలు ఇంపాక్ట్ డ్రిల్ కన్నా తక్కువే, నిమిషానికి నాలుగైదు వేలు. కానీ ఒక్కో దెబ్బ బలం చాలా ఎక్కువ. మనం నొక్కాల్సిన పని లేదు, దానంతటదే కాంక్రీట్‌లోకి దిగుతుంది. ఎస్‌డీఎస్ అనే గాళ్లున్న బిట్లు వాడాలి. మీ ఫ్లాట్ మొత్తం కాంక్రీట్ గోడలే అయితే మొదట ఆలోచించాల్సింది దీని గురించే.

మరి కాంబో ఎవరికి?

ఇంపాక్ట్ డ్రైవర్‌ను నేను తక్కువ చేయడం లేదు. ప్లైవుడ్‌తో సొంతంగా షెల్ఫులు, బల్లలు చేసుకునేవాళ్లకు, టెర్రస్ మీద రేకుల షెడ్ వేసుకునేవాళ్లకు, పాత మంచాల బోల్టులు, తుప్పుపట్టిన స్క్రూలు విప్పేవాళ్లకు అది నిజంగా కుడిభుజం. ఒక మిషన్‌తో రంధ్రం, ఇంకోదానితో స్క్రూ. బిట్ మార్చే పని ఉండదు, పని రెట్టింపు వేగంగా సాగుతుంది. వాళ్లు కాంబో కొనాల్సిందే. అయితే అందులోని డ్రిల్ మీద సుత్తి బొమ్మ ఉన్న సెట్ వెతికి కొనాలి. అలాంటివీ దొరుకుతాయి, ధర కొంచెం ఎక్కువ.

పెట్టెలో వచ్చే ఫర్నిచర్ బిగించడానికి మాత్రం వద్దు. 2018 ఆగస్టులో ఐకియా దేశంలోనే తొలి స్టోర్ మన హైదరాబాద్‌లో తెరిచాక, ఇంట్లోనే ఫర్నిచర్ బిగించుకోవడం చాలామందికి అలవాటైంది. ఆ బల్లల్లో ఎక్కువగా ఉండేది చెక్కపొట్టును అతికించి చేసిన పలక. ఇంపాక్ట్ డ్రైవర్‌కి క్లచ్ ఉండదు. ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే స్క్రూ పట్టు పోయి రంధ్రం లొడలొడలాడుతుంది. అక్కడ చేతి స్క్రూడ్రైవరో, క్లచ్ చిన్న అంకె మీద పెట్టిన మామూలు డ్రిల్లో చాలు.

ఏడాదికి మూడుసార్లు వాడేవాళ్లకు వైరున్న డ్రిల్లే నయం అంటాను. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. వైరున్న డ్రిల్ అటక మీద అయిదేళ్లు పడుకుని లేచినా ప్లగ్ పెట్టగానే తిరుగుతుంది. బ్యాటరీది కొంటే సగం చార్జింగ్‌తో చల్లటి చోట దాచండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేయొద్దు. వేడెక్కిన ప్యాక్‌ను వెంటనే చార్జింగ్ పెట్టొద్దు.

కొనేముందు ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి. తార్నాక నుంచి మెట్రోలో పారడైజ్ దగ్గర దిగితే రాణిగంజ్ దగ్గరే. పనిముట్ల దుకాణాలు వరసగా ఉంటాయి. నిచ్చెనెక్కి చెయ్యి పైకెత్తి పట్టుకోవాల్సింది మీరే కదా, బరువు మీ మణికట్టుకు తెలియాలి. ట్రిగ్గర్ మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వేగంగా తిరగాలి. వెనక్కి తిరిగే స్విచ్ ఉండాలి. బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి. ఒకటి రెండు మంచి కార్బైడ్ మొన బిట్లు విడిగా కొనండి. మొద్దుబారిన బిట్‌తో ఎంత ఖరీదైన మిషనైనా గోడను రుద్దుతుందే గానీ తొలవదు.

రంధ్రం పెట్టే ముందు

స్విచ్ బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన డ్రిల్ పెట్టొద్దు. వైర్ల పైపులు ఎక్కువగా ఆ గీతల్లోనే గోడ లోపల నడుస్తాయి. గీజర్, కుళాయిల దగ్గర నీళ్ల పైపులదీ అదే దారి. అనుమానం ఉంటే ఆ గది ఎంసీబీ ఆపేసి, వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకోండి.

కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. సిమెంటు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎంత లోతు కావాలో బిట్ మీద టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి. రంధ్రం కింద ఒక పాత కవరు నోరు తెరిచి అంటిస్తే పొడంతా అందులోనే పడుతుంది. చువ్వ తగిలితే మొండిగా నొక్కకుండా పక్కకు జరగండి. అది బిల్డింగ్ ఎముక.

ఇంకోటి, ఇది మా ఏరియాకు ప్రత్యేకం. సెమిస్టర్ పరీక్షలప్పుడు రాత్రిపూట డ్రిల్ మొదలుపెడితే పక్క పోర్షన్ పిల్లలు మనసులో ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. పగలు పదకొండు నుంచి నాలుగు మధ్య కానిచ్చేయండి.

అసలు ప్రతి ఇంట్లోనూ ఒక డ్రిల్ ఉండాలా అంటే, అక్కర్లేదనే నా అభిప్రాయం. బిల్డింగ్‌కి ఒక నిచ్చెన చాలినట్టే ఒక మంచి ఇంపాక్ట్ డ్రిల్ చాలు. నాలుగు పోర్షన్లవాళ్లు తలా కొంత వేసుకుంటే మంచి కంపెనీదే వస్తుంది. విరిచిన బిట్‌కి డబ్బులు ఎవరు విరిస్తే వాళ్లే ఇవ్వాలన్న ఒప్పందం మాత్రం ముందే చేసుకోండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆఫరు ముగుస్తోందని గడియారం తిరుగుతుంటే తిరగనివ్వండి, అది వచ్చే వారం మళ్లీ వస్తుంది. ఒక కాగితం తీసుకుని ఇంట్లో కావాల్సిన రంధ్రాలు, స్క్రూలు ఒక్కొక్కటే రాయండి. పక్కన గోడా, చెక్కా, ఇనుమా రాయండి. గోడ ఎక్కువగా వస్తే సుత్తి బొమ్మ ఉన్న డ్రిల్ కొనండి. గోడంతా కాంక్రీటే అని తేలితే హామర్ మిషన్ చూడండి. చెక్క ఎక్కువగా వస్తే దర్జాగా కాంబో తీసుకోండి. అన్నీ కలిపి అయిదు దాటకపోతే, డ్రిల్ ఉన్న పక్కింటి అన్నను పిలవండి. పనయ్యాక అల్లం చాయ్ ఇచ్చి పంపండి.